మైకమ్మ గొంతు పోయిన రోజు

ఉదయం తొమ్మిదిన్నర. రాత్రి నుంచి ఒకే తీరున సన్నని వాన, గాలి లేదు. ఆసుపత్రి వరండాలో, నీళ్లు కారుతున్న గొడుగుల పక్కన ఒక అత్తా కోడలూ బల్ల మీద కూర్చుని ఉన్నారు. కోడలికి ఆరో నెల.

అత్తగారు బస్టాండులో ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో మైకులో చెప్పే ఉద్యోగి. అక్కడ అందరికీ ఆమె మైకమ్మ. ప్రయాణికులు అడగకముందే సమాధానం చెప్పడం ఆమె వృత్తి. క్రమంగా అదే ఇంటి పద్ధతి కూడా అయింది.

ప్రతి నెలా వైద్యురాలు కోడలిని అడిగేది, అత్తగారు చెప్పేది.

"నిద్ర పడుతోందా?"

"పడుకుంటే లేవదండీ. మా మంచానికి కోళ్లు నాలుగు కాదు, ఐదు. ఐదోది ఈమే."

వైద్యురాలు నవ్వేది. అత్తగారు అబద్ధమాడలేదు. కోడలు పడుకోవడం చూసింది, నిద్రపోవడాన్ని చూడలేదు.

కోడలు దర్జీ. నాలుగో నెలలో బిడ్డకోసం చిన్న చొక్కా కత్తిరించింది. ఆ ముక్కలు నేటికీ మిషను మీద అలాగే ఉన్నాయి. "ఊరందరికీ కుట్టే చేతులకు సొంత బిడ్డ చొక్కా బరువైందా?" అని అత్తగారు దెప్పితే కోడలు నవ్వింది. ఆ నవ్వును ఇల్లంతా ఆరోగ్యమనుకుంది.

ఆ రోజు మాత్రం జలుబుచేసి మైకమ్మ గొంతు పూర్తిగా పోయింది. గదిలోకి వెళ్లాక వైద్యురాలు ఎప్పటిలాగే నిద్ర సంగతి అడిగింది. అత్తగారు నోరు తెరిచింది. గరగర తప్ప మాట రాలేదు.

"మీరుండండి పెద్దమ్మా. తనే చెబుతుంది."

కోడలు చాలాసేపు చీర అంచును మడతపెట్టింది, విప్పింది.

"పట్టదండీ. కళ్లు మూసుకుని ఉంటానంతే. బిడ్డ కదిలితే సంతోషంగా ఉంటుందంటారు. నాకేమీ అనిపించదు. నేను మంచిదాన్ని కాదేమో."

"చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా?"

"తెల్లారకపోతే బాగుండునని... రోజూ అనిపిస్తుందండీ."

అత్తగారు ఊపిరితోనే అడిగింది: "నాకెందుకు చెప్పలేదే?"

"మీరెప్పుడూ చెప్పారే గానీ, అడగలేదత్తయ్యా."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. నిష్ఠూరానికి కావలసిన ఓపిక కూడా ఆమెలో మిగల్లేదు.

వైద్యురాలు కలం పక్కన పెట్టింది. "ఇది బద్ధకం కాదు, మంచితనం తక్కువై కాదు. కుంగుబాటు అనే జబ్బు. కడుపుతో ఉన్నప్పుడు చాలామందికి వస్తుంది. రక్తం తగ్గితే మందిస్తాం కదా, దీనికీ వైద్యం ఉంది. ఇవాళే మానసిక వైద్యురాలికి చూపిద్దాం. అంతవరకు ఈమెను ఒంటరిగా వదలకండి. ఇన్నాళ్లూ ఈమెను అడిగి మీ మాట విన్నాను. ఆ తప్పు నాది."

కోలుకోవడం త్వరగా జరగలేదు. కొన్ని వారాలు చికిత్స ఏమీ పనిచేయనట్టే ఉంది. తరువాత ఒక మధ్యాహ్నం ఆమె మిషను తుడిచింది. కత్తిరించిన చొక్కా కుట్టడం పూర్తయ్యేసరికి బిడ్డ పుట్టి నెలలు గడిచాయి, అది పట్టలేదు. పెద్దది మరొకటి కుట్టింది.

గర్భిణి బరువును నెలనెలా తూచే మనం ఆమె మనసును కూడా అడగాలి; అడిగాక, జవాబు ఆమెనే చెప్పనివ్వాలి.

ఆరేళ్ల తరువాత, కోడలి రెండో కాన్పు పరీక్షలకు వచ్చిన ప్రతిసారీ, గొంతు బాగానే ఉన్న మైకమ్మ గది బయట బల్ల మీదే కూర్చుంది.