చిన్న అడుగుల పంకా

“బహ్రయిన్ల బోటు నడిపినోన్ని నేను. పొయ్యి కాడ కూసోని నువ్వు చెప్తవా?” కరుణాకర్ మళ్లీ అదే మాట అన్నాడు.

“ఆడ బోట్ల మీ సేఠు, నువ్వు కూసున్నరు. ఈడ పత్తి బోరాలు కూసుంటయి,” అంది అతని భార్య నవత, పెనం మీద జొన్నరొట్టె తిప్పుతూ.

గొడవంతా స్టీలు పంకా గురించి. పడవ మోటారుకు నీళ్లలో తిరిగే ఆ మూడు రెక్కల పంకాను కరుణాకర్ దుప్పట్లో చుట్టి విమానంలో తెచ్చాడు. వాళ్లమ్మ యాదవ్వ దానికి పసుపు కుంకుమ పెట్టి, నిమ్మకాయ తిప్పి గాని బిగించనివ్వలేదు. నిన్న సగం పత్తి బస్తాలు ఎక్కించేసరికే పడవ తోక కుంగి, ముక్కు పైకి లేచింది. మోటారు మూలుగుతూ నిలబడింది.

బ్యారేజీ నీళ్లు నిలిచాక వాళ్ల చేను గోదావరికి అవతల పడింది. పత్తి దాటకపోతే చేను కౌలుకు ఇచ్చేద్దామని యాదవ్వ అంటోంది. చేను ఆమె పేరు మీదే ఉంది. అది పోతే నవత మళ్లీ బీడీల చాట ముందు కూర్చోవాలి.

“నెత్తిన మూటుంటె ఎట్ల నడుస్తవ్? అంగలేస్తవా?” నవత అడిగింది.

“చిన్నచిన్న అడుగులేస్త.”

“నీ స్టీలుది అంగలేస్తున్నది. మోటారుతోటి వచ్చిన పాతది పెట్టి చూడు.”

కరుణాకర్ రొట్టె తుంచబోయి ఆగాడు. స్టీలు రెక్కలకు మెలిక ఎక్కువ. ఒక్క చుట్టుకే చాలా దూరం తోయాలని చూస్తుంది. ఇంత బరువు మీద మోటారు దాన్ని తిప్పలేకపోతోంది. “బహ్రయిన్ల మెకానిక్కు గూడ గిదే చెప్పిండు. నాకే ఎక్కలే,” అన్నాడు మెల్లగా.

“పసుపు పెట్టినదాన్ని ఇప్పుతవురా?” అంది యాదవ్వ.

“దేవునర్రల పెడ్తలే అవ్వా.”

ఒడ్డున పాత పంకా బిగించాడు. మోటారు మరీ లోతుగా దిగిందని గమనించి, పంకా పైనున్న రేకు పడవ అడుగుతో సమంగా వచ్చేదాకా పైకి జరిపాడు. ముగ్గురూ అవతలి ఒడ్డుకు పోయాక, బోరాలన్నీ ఎక్కించేటప్పుడు నవత వాటిని తోకవైపు కాకుండా నడిమికి సర్దింది. నమ్మకం లేకున్నా యాదవ్వ కూడా ఆ బరువు పడవే ఎక్కింది.

మొదట తోక నిన్నటిలాగే కుంగింది. యాదవ్వ పడవ అంచు గట్టిగా పట్టుకుంది. అంతలో మూలుగు పలచబడి ఒకే ధారగా సాగింది. ముక్కు నెమ్మదిగా వంగింది. పట్టుకున్న నీళ్లు వదిలేసినట్టు, అంత బరువూ ముందుకు జారింది. వెనక గోదావరి సాలు తోలినట్టు విచ్చుకుని రెండు ఒడ్ల దాకా పోతోంది. ఇంతటి నదిని ఇలా కదిలిస్తున్నది అడుగున కనిపించని జానెడు పంకా. యాదవ్వ దండం పెట్టింది, నదికో మోటారుకో తెలియలేదు.

పొద్దుగూకాక అందరూ అన్నాలకు కూర్చున్నారు. దేవుడి గదిలో స్టీలు పంకా పసుపుతో మెరుస్తోంది. యాదవ్వ మనవరాలు దీపికకు పప్పు వడ్డించి, అందరి వైపూ ఒకసారి చూసింది.

“చేను కౌలుకియ్యం. యాసంగి పంటకు మక్కజొన్న ఏద్దాం,” అంది.