సుందరవల్లి తూకం

పొదటూరుపేట నేతగాళ్ళలో శివరామయ్యకు ఒక పేరుంది. ఆయన మగ్గం మీంచి దిగిన చీర సావుకారి తక్కెట్లో ఎన్నడూ తక్కువ తూగలేదు. నూలు తూచి ఇచ్చే సావుకారు చీరనూ తూచే తీసుకుంటాడు. ఎండాకాలంలో నూల్లో తేమ ఆరిపోయి బరువు దానంతటదే తగ్గుతుంది, మాట పడేది మాత్రం నేసినవాడే. అందుకని పేటలో చాలామంది చీరను ఒక రాత్రి మగ్గం గుంతలో తడి ఇసుక మీద పరిచి ఉంచుతారు. దీన్ని మోసమని ఎవరూ అనుకోరు. శివరామయ్య వాళ్ళందరికంటే రెండాకులు ఎక్కువ చదివినవాడు. ముల్లు సరిగ్గా మధ్యలో నిలిస్తే సావుకారికి అనుమానం వస్తుందని, అది చీర వైపు కొంచెం ఒరిగేలా చూసుకునేవాడు.

కూతురి విషయంలోనూ ఆ మహానుభావుడు అదే పని చేశాడు.

సుందరవల్లి తిరుత్తణిలో కాలేజీ చదువుతోంది. పంతొమ్మిదేళ్ళ పిల్ల. ఎత్తు నాలుగడుగుల ఎనిమిదంగుళాలు, బరువు నలభై ఒక్క కిలోలు. మగ్గం గుంతలో తాడు తెగితే ఇంట్లో ఆమెనే దించేవాళ్ళు, ఇంకెవరూ అందులో పట్టరు గనక. అంతకుమించి ఆ పొట్టితనం వల్ల ఆమెకు ఒరిగిందేమీ లేదు. ఎనభై ఐదు జనవరిలో కాలేజీ బోర్డు మీద ఒక నోటీసు పడింది. తిరువళ్ళూరు దాటాక, యుద్ధకాలంలో వేసి వదిలేసిన రన్‌వే మీద పది రోజుల పారాచూట్ శిబిరం. కనీస బరువు నలభై ఐదు కిలోలు. ఆ చివరి లైను చదివి తోటి పిల్లలందరూ ఆమె వైపు తిరిగి నవ్వారు. ఇంటికొచ్చి ఆమె రెండు పూటలు అన్నం ముట్టలేదు.

"నాలుగు కిలోలే గదమ్మా తక్కువ," అన్నాడు శివరామయ్య. "తూకం సంగతి నాకు వదిలెయ్."

పూలూ అంచులూ నేసే జకార్డు మగ్గంలో దారాలను కిందికి లాగి పట్టడానికి సన్నని ఇనుప కడ్డీలు వందల కొద్దీ వేలాడుతుంటాయి. ఆయన వాటిని ఊడదీసి, భార్య సరసమ్మ చేత లుంగీ గుడ్డలో వరసగా పేర్పించి, నడుముకు చుట్టుకునే పట్టీ కుట్టించాడు. నాలుగు కిలోల కడ్డీలు చాలు. ఆయన ఎనిమిది పెట్టించాడు.

"ఇంతెందుకు?" అంది సరసమ్మ.

"సరిగ్గా సరిపోతే అనుమానమొస్తాది మే. కొంచం మిగలల్ల."

శిబిరంలో తూకం వేసింది కెప్టెన్ జయరామ. సైన్యంలో ఏళ్ళ తరబడి పారాచూట్ దూకడం నేర్పి రిటైరైన మనిషి, చిత్తూరు వైపు వాడు. ముల్లు నలభై తొమ్మిది దగ్గర ఆగింది. ఆయన పిల్లను ఎగాదిగా చూసి, "చూస్తే తెలీదే," అంటూ రాసుకున్నాడు. కాసేపటికి సుందరవల్లి ఆ పట్టీని మూటలో చుట్టి, దిగబెట్టడానికి వచ్చిన తండ్రికి ఇచ్చేసింది. మూట ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కిన శివరామయ్య కనకమ్మ సత్రం ఊరు దాటేదాకా తనలో తాను నవ్వుకుంటూనే ఉన్నాడు.

పదో రోజు పిల్లలు దూకుతారు, పెద్దవాళ్ళు వచ్చి చూడవచ్చు అన్నారు. సరసమ్మ రానంది. శివరామయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని పదిగంటలకు ముందే వచ్చి షామియానా కింద ముందువరసలో కూర్చున్నాడు. పక్కన చౌడయ్య అనే ఆయన, మణవాళనగర్‌లో ఫ్యాక్టరీ ఉద్యోగి. ఆయన కొడుకు తంగరాజు కూడా ఇవాళే దూకుతున్నాడు.

"మా పాప చూసేదానికి పిడికెడే, గుండె మాత్రం ఇంతుంటాది," అని శివరామయ్య చౌడయ్యకు చెప్పాడు, ఆయన వెనక కూర్చున్నవాళ్ళకు చెప్పాడు, మంచినీళ్ళు తెచ్చిన ఆమెకు కూడా చెప్పాడు.

అంతలో సుందరవల్లి వచ్చింది. వీపు మీది సంచీ ఆమె మెడ దగ్గర మొదలై తొడల దాకా దిగింది. పట్టీలన్నీ చివరి రంధ్రం దాకా లాగేసినా ఇంకా వదులుగానే ఉన్నాయని, భుజాల కింద దుప్పటి ముక్కలు మడిచి దూర్చారు. ఇనుప టోపీ జారకుండా లోపల గుడ్డలు కుక్కారు. బూట్లలో రెండు జతల మేజోళ్ళు. ఆ సరంజామా మధ్య ఎక్కడో పిల్ల మొహం ఉంది.

"వదులుగా ఉండాదేమ్మా. పైన జారిపోతే?"

"జారదు నాయనా. సార్ చూసినాడు." ఆమె ఆయన కళ్ళలోకి చూడలేదు. "అరుగు మీంచి దూకేదాంట్లో నేనే ఫస్టు. లావుగా ఉండేవాళ్ళకి మడమలు బెణికినాయి. నాకేమీ కాలా."

ముగ్గురు ఎక్కారు: తంగరాజు, తిరువళ్ళూరు అమ్మాయి ఒకతె, చివర సుందరవల్లి. విమానం లేచింది. అది పైకి పోవడానికి పావుగంట పడుతుందని, ఈలోగా పెద్దవాళ్ళకు నాలుగు మాటలు చెబుదామని జయరామ షామియానా కిందికి వచ్చాడు. నేల మీద పరిచిన తెల్లగుడ్డ శిలువను చూపించాడు. అది అట్లాగే ఉంటే దూకవచ్చు, దాని అడ్డపట్టీ తీసేస్తే దూకకూడదు, పైన ఉన్నవాళ్ళకు అదొక్కటే కబురు. ఒక్కొక్క చుట్టుకు ఒక్కొక్కరు దూకుతారు.

"గొడుగు అందరికీ ఒకటే సైజు," అన్నాడు జయరామ. "బరువుండేవాడు సర్రున దిగుతాడు. తేలికైనోళ్ళు మెత్తగా దిగుతారు, కాని సీక్రం దిగరు. గాలి యాడికి తోస్తే ఆడికి పోతారు. ఎండెక్కితే నేల నుంచి వేడిగాలి లేస్తాది చూడండి, అది వాళ్ళని పైనే పట్టుకుంటాది. అందుకే నలభై ఎనిమిది లోపు వాళ్ళందర్నీ పొద్దున ఏడుకే దించేసినా. ఇప్పుడు పోయినోళ్ళంతా బరువుండే పిల్లోళ్ళే. మీరేమీ దిగులు పడొద్దు."

నాలుగే కట్టి ఉంటే పిల్ల పొద్దున ఏడుకే దిగి ఉండేదని శివరామయ్యకు తట్టింది. షామియానా అంచు టపటపా కొట్టుకుంటోంది. గాలి ఈశాన్యం నుంచి వీస్తోంది. అది తోసే దిక్కుకు చూశాడు. తుమ్మచెట్ల అవతల రైలుకట్ట, దాని మీద స్తంభాలు, స్తంభాల మీద కరెంటు రైలు తీగలు.

"సార్," అన్నాడు. "పొరపాటున తేలికైన పిల్ల ఒకతె ఇప్పుడు పైకి పొయ్యుంటే?"

"ఎట్ల పోతాది? నేనే నిలబడి తూకం వేసినా గదయ్యా."

"మాటకి అడుగుతా ఉండాను."

"ఈ గాలికి యాడ దిగుతాదో నేను చెప్పలేను. ఆ తీగల మీదికే పోవచ్చు." జయరామ గడియారం చూసుకుని శిలువ దగ్గరికి వెళ్ళిపోయాడు.

చెప్పేయాలి. శివరామయ్యకు ఆ క్షణానే తెలుసు. కాని ముందువరసలో కూర్చున్నాడు, చుట్టూ అరవైమంది ఉన్నారు, అందరికీ ఇందాకే పిల్ల గురించి చెప్పి ఉన్నాడు. దొంగ తూకం అన్న మాట ఇక్కడ పుడితే సాయంత్రం బస్సుకే పేటకు చేరుతుంది. పిల్లను కాలేజీలో తలెత్తుకోనివ్వరు. ఏమో, ఏమీ కాకపోవచ్చు కదా అనుకున్నాడు. గాలి తగ్గవచ్చు. కుర్చీలోంచి లేవలేదు.

మొదటి చుట్టు. విమానంలోంచి ఒక చుక్క రాలింది, గొడుగు విచ్చుకుంది. తంగరాజు శిలువకు కూతవేటు దూరంలో దబ్బున దిగాడు. చౌడయ్య చప్పట్లు కొడుతూ, "ఇంక మీ పాపదే," అని శివరామయ్య భుజం తట్టాడు. శివరామయ్య నవ్వాడు. ఆ నవ్వు ఎట్లా వచ్చిందో ఆయనకే తెలియలేదు.

రెండో చుట్టు. తిరువళ్ళూరు అమ్మాయి గొడుగు శిలువ మీదుగా సాగి, రన్‌వే దాటి, తుమ్మచెట్ల అంచుదాకా పోయి దిగింది. ఆమె ఎముకపుష్టి గల మనిషి. ఆమెనే గాలి అంతదూరం తీసుకుపోయింది. జయరామ చెయ్యి అడ్డం పెట్టుకుని అటు చూస్తున్నాడు.

శివరామయ్య లేచాడు. కుర్చీ వెనక్కి పడింది. చెప్పులు ఎక్కడో ఊడిపోయాయి. విమానం మూడోసారి తిరుగుతుంటే దాని కంటే ముందు పోవాలన్నట్టు పరుగెత్తాడు.

"సార్, నా బిడ్డ నలభై ఒకటే," అన్నాడు రొప్పుతూ. "ఎనిమిది కిలోలు నేను కట్టింది. మగ్గం ఇనుము. దొంగ తూకం సార్. దూకనియ్యొద్దు."

జయరామ ఒక్క క్షణం ఆయన మొహం చూశాడు. మరుక్షణం శిలువ మీద పడి అడ్డపట్టీకి కొట్టిన మేకులు పీకసాగాడు. శివరామయ్య మోకాళ్ళ మీద పడి రెండో కొస పీకాడు. చివరి మేకు ఊడిరాలేదు. గోళ్ళతో తవ్వాడు. ఇంజను చప్పుడు నెత్తి మీదికొచ్చింది. తలెత్తితే విమానం తలుపు దగ్గర, బయటికి వేలాడుతున్న రెండు బూట్లు కనబడ్డాయి. గుడ్డ చరుక్కున చిరిగి వాళ్ళ చేతుల్లోకి వచ్చింది.

శివరామయ్య కళ్ళు మూసుకున్నాడు. చప్పుడు దాటిపోయింది. తెరవడానికి ధైర్యం చాలలేదు.

"రాలేదు," అన్నాడు జయరామ. "లోపలే ఉండాది. లెయ్."

విమానం దిగేసరికి షామియానా అంతా నిలబడి ఉంది. సుందరవల్లి దిగింది, అడ్డపట్టీ లేని శిలువను చూసింది, మట్టి కొట్టుకున్న తండ్రి గోళ్ళను చూసింది. ఆమెకు ఎవరూ ఏమీ చెప్పనక్కరలేకపోయింది. జయరామ ఇద్దరినీ గుడారం వెనక్కి తీసుకుపోయి పట్టరాని కోపంతో తిట్టాడు. తిట్టడం అయ్యాక నుదురు తుడుచుకున్నాడు.

"నలభై ఒకటి అని నాతో చెప్పుంటే ఇసుక పట్టీ కట్టి పొద్దున్నే దించేవాణ్ణి. పైన బరువు కట్టుకునేది తప్పు కాదయ్యా, నాకు తెలీకుండా కట్టుకునేదే తప్పు. శిబిరం అయిపోయినా రేపు ఏడుకి ఒక విమానముండాది. దూకుతుందో, ఇంటికి పిలుచుకొని పోతావో, మీరే మాట్లాడుకోండి." ఆయన వెళ్ళిపోయాడు.

తండ్రీకూతుళ్ళు గుడారం నీడలో కూర్చున్నారు. శివరామయ్య, "నన్ను క్షమించమ్మా," అన్నాడు. "తంగరాజు దూకకముందే నాకు తెలిసింది. రెండు చుట్లు ఊరికే కూర్చున్నా. అందరి ముందరా చెప్పేదానికి సిగ్గయింది. నీ ప్రాణం కంటే నాకు నా సిగ్గే ఎక్కువైంది."

సుందరవల్లి మోకాళ్ళ మీద గడ్డం ఆనించుకుంది. "నాకు ఆరో రోజే తెలుసు నాయనా," అంది.

"ఏం తెలుసు?"

"వేడిగాలి సంగతి. సార్ పాఠంలో చెప్పినాడు. నా పేరు బరువోళ్ళ లిస్టులో ఉండేది చూసినా. రోజూ చెప్దామనుకుంటిని. పొద్దున ఏడుకి వాళ్ళంతా పోతా ఉంటే కూడా అనుకుంటిని."

శివరామయ్యకు ఇందాక విమానం నెత్తి మీదికి వచ్చినప్పటి కంటే ఇప్పుడు ఎక్కువ భయం వేసింది. ఆ వేలాడిన బూట్లు అన్నీ తెలిసే వేలాడాయి.

"తెలిసీ ఎందుకెక్కినావమ్మా?"

"నువ్వు ముందువరసలో కూర్చోని అందరికీ చెప్తా ఉంటివి గదా," అంది సుందరవల్లి. "ఎట్ల దిగి వచ్చేది?"

ఆయన పిల్ల వీపు మీద చెయ్యి వేశాడు. అంత చిన్న వీపు ఆపకుండా వణుకుతోంది. విమానం ఎక్కక ముందు నుంచీ అట్లాగే వణుకుతోందేమో, ఆయన చూడలేదు.

"భయంగా ఉండాదా?" అని అడిగాడు. పది రోజుల్లో ఆ మాట అడగడం అదే మొదటిసారి.

"ఉండాది," అంది పిల్ల.