వాసన షీటు

ఫ్యాక్టరీలో మా వదిన పొగకి కళ్ళు తిరిగి వేడి కడ్డీ మీదికి తూలిపడటం నేను కళ్ళారా చూశాను. నుదురు కాలింది. ఇద్దరు ఆడవాళ్ళు ఆమెను పట్టుకుని బయటికి నడిపిస్తుంటే సూపర్‌వైజరు అటు తిరిగి కూడా చూడలేదు. "ఏయ్, నువ్వు రా. ఇక్కడ కూర్చో" అని ఇంకో అమ్మాయిని పిలిచాడు. వదిన కూర్చున్న కుర్చీ వేడి ఆరకముందే ఆ అమ్మాయి అందులో కూర్చుంది.

అద్దంలా మెరిసే ప్లాస్టిక్ డబ్బాలు మీరు కొట్లలో చూసే ఉంటారు. అవి మా చేతి పనే. షీటు మీద అక్షరాలు నేను అచ్చువేస్తాను. కోత మిషను దగ్గరుండే ముసలాయన, మా అందరికీ బాబాయ్, వాటిని కోస్తాడు. మడత హాల్లో ఆడవాళ్ళు వేడి కడ్డీ మీద పెట్టి వంచుతారు. ఆ రోజు చేస్తున్నవి పాలసీసాల డబ్బాలు. వాటి మీద "మీ బిడ్డకు భద్రం" అని నీలం సిరాతో వేసింది నేనే. సిగ్గుపడుతూనే చెబుతున్నాను.

షీట్లలో మూడు రకాలు మా దగ్గర. పీపీ మీద సిరా నిలవదు, గోరుతో గీకితే లేచొస్తుంది. పెట్ మంచిదే కానీ వంపు దగ్గర మొండికేస్తుంది, నిదానంగా చెయ్యాలి. పీవీసీ మాత్రం చెప్పినట్టు వింటుంది. సిరా పడుతుంది, తేలిగ్గా వంగుతుంది. యజమాని ఎప్పుడూ దాన్నే ఎంచుకునేవాడు. వేడెక్కితే దాని పొగ కళ్ళల్లో కారం కొట్టినట్టుంటుంది, గొంతులో దిగితే ఇక దగ్గే. పీవీసీ అని మాలో ఎవరూ అనేవాళ్ళు కాదు. మాకది "వాసన షీటు". ఈ మాట గుర్తుపెట్టుకోండి, మా కొంప ముంచింది ఇదే.

ఇంకో ఏడాది ఆ పొగలో కూర్చుంటే వదిన ఊపిరితిత్తులు మిగలవని డాక్టరు చెప్పాడు. మా అన్న మంచంలో ఉన్నాడు. మానేసే దారి ఆమెకు లేదు, నుదుటికి కట్టుతో మళ్ళీ ఆ కుర్చీలోకే వచ్చింది. షీటన్నా మారాలి, వదినన్నా పోవాలి.

ఓ మధ్యాహ్నం కుళాయి దగ్గర అందరం చేరాం. కరెంటు పనివాడు రాగితీగను లైటరుతో ఎర్రగా కాల్చి, షీటుకి ఆనించి, మళ్ళీ మంటలో పెట్టాడు. మంట ఆకుపచ్చగా లేచింది.

"చూశారా? పీవీసీ అయితేనే ఈ రంగు. పెట్‌కి రాదు."

"రంగు చూసి ఏం చేస్తాంరా? అడిగినవాణ్ణి గేటు బయట పారేస్తారు" అన్నాడు బాబాయ్.

"లోపలుండి మాత్రం ఏం బాగుపడ్డాం బాబాయ్?" అంది వదిన. ఆమె గొంతు అప్పటికే సగం పోయింది. వినాలంటే దగ్గరికి జరగాలి. అందరూ జరిగారు. "ఒక్కళ్ళం అడిగితే గెంటుతారు. రెండొందల మందిమి అడిగితే ఎవర్ని గెంటుతారు? అర్జీ రాయి మరిదీ."

"పీవీసీ వద్దని రాయన్నా" అన్నాడు కరెంటు పనివాడు.

"ఆ అక్షరాలేమిటో మాకేం తెలుసు?" అని మడత హాలు ఆడవాళ్ళు లేచారు. "తెలియని మాట కింద వేలిముద్ర వెయ్యమంటావా? మేం పిలిచే పేరే రాయి."

నాకది న్యాయంగానే తోచింది. "వాసన షీటు మాకొద్దు" అని రాశాను. రెండొందల మంది సంతకాలు, వేలిముద్రలు.

మేనేజరు చదివి నవ్వాడు. "ఇంతేనా? వాసన లేని షీటే తెప్పిస్తాం" అని అక్కడికక్కడే సంతకం పెట్టాడు. ఆ సాయంత్రం మేం గెలిచామని ఎగిరాం. ఎంత పిచ్చివాళ్ళం!

పదిరోజులకు కొత్త షీట్లొచ్చాయి. పైపొర ఒలిస్తే కమ్మటి నిమ్మకాయ వాసన. గంట తిరిగేసరికి అవే కళ్ళమంటలు, అదే దగ్గు. కరెంటు పనివాడు తీగ కాల్చాడు. మంట ఆకుపచ్చగానే లేచింది.

మేం ఫిర్యాదు చేస్తే లేబరు ఆఫీసరొచ్చాడు. మా కాగితం చేత్తో పట్టుకుని, షీటు ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు.

"ఆ వాసన వద్దన్నారు, లేదుగా. బాగానే ఉందిగా? ఇంకేం కావాలి మీకు?"

నా చేతిరాత నా మొహాన కొట్టినట్టయింది. రెండొందల మందిలోంచి వదిన ఒక్కతే ముందుకొచ్చింది. కరెంటు పనివాడి చేతిలోంచి తీగా లైటరూ తీసుకుంది.

"ముక్కుతో కాదయ్యా, కళ్ళతో చూడు" అని ఆఫీసరు ఎదుటే తీగ కాల్చి షీటుకి ఆనించి, మళ్ళీ మంటలో పెట్టింది.

"ఫ్యాక్టరీకి నిప్పు పెడుతోంది! పట్టుకోండి!" అని మేనేజరు అరిచాడు. ఆ అరుపు కోసమే కాచుకున్నట్టు పోలీసులొచ్చారు. ఆఫీసరు మంట వంక చూడనే లేదు. వదిన దగ్గుతూ జీపెక్కింది. ఎక్కేముందు నాతో ఏదో అంది. దగ్గరికి పోనివ్వలేదు, నాకు వినపడలేదు.

మర్నాడు స్టేషనుకి వెళితే చూడనివ్వలేదు. లోపలినుంచి దగ్గు మాత్రం వినపడింది. ఆ దగ్గుకి బెయిలు దొరుకుతుందన్న ఆశ నాకు లేదు. రెండొందల్లో సగంమంది తల వంచుకుని పనిలోకొచ్చారు, నేనూ వచ్చాను. వాళ్ళను తప్పుపట్టే మొహం నాకెక్కడిది?

సూపర్‌వైజరు వదిన కుర్చీ చూపించి, "ఏయ్, నువ్వు రా" అన్నాడు. ఆ మొదటి అమ్మాయి, అప్పుడు వెంటనే కూర్చున్న అమ్మాయే, కదల్లేదు.

"నువ్వు?" పక్కామె కళ్ళు దించుకుంది, కదల్లేదు. "నువ్వు?" వరసంతా పిలిచాడు. బాబాయ్ కోత మిషను ఆపాడు. నేను సిరా బల్ల వదిలి మడత హాల్లోకొచ్చి నిలబడ్డాను.

"రేపు బయటినుంచి మనుషుల్ని తెస్తా. మీరంతా గేటు బయటే!"

తెస్తాడు. మాకూ తెలుసు. వదిన ఊపిరితిత్తులు ఇక బాగుపడవనీ తెలుసు.

నేను మడత కోసం వచ్చిన డబ్బా షీటు ఒకటి తిప్పి, చేతికంటిన నీలం సిరాతో మూడక్షరాలు పెద్దగా రాశాను. పీ, వీ, సీ. ఆ అమ్మాయి దగ్గరికొచ్చి వేలితో ఒక్కో అక్షరం మీదా దిద్ది, పైకి చదివింది. పక్కామె చదివింది. వరసంతా చదివారు. దగ్గుతూనే చదివారు.

సాయంత్రం దాకా ఆ కుర్చీలో ఎవరూ కూర్చోలేదు. దాని వేడి మొదటిసారి పూర్తిగా ఆరింది.