ఆగమన్న మూడు లైన్లు

గోడ పట్టుకుంటే గాని నిలబడలేని నిండు గర్భిణి పూలికి పద్నాలుగు పాయింట్ల రక్తం ఉందని ఆస్పత్రి కంప్యూటర్లో నేను రాసిన ప్రోగ్రాం రిపోర్టు ఇచ్చింది. ఆ కాగితం నమ్మి నర్సు ఆమెను పంపేసింది. ఆ అంకె మీద అనుమానమొచ్చి నేను ఖమ్మం బస్టాండుకు పరుగెత్తి, భద్రాచలం బస్సులోంచి దింపి ఆస్పత్రికి తీసుకొచ్చాను. మళ్లీ పరీక్షిస్తే ఐదున్నర. పద్నాలుగు ఆమెకు ముందొచ్చిన లారీ డ్రైవరుది.

రక్తం ఎక్కించే ఏర్పాటు చేసి వచ్చి, "నీ ప్రోగ్రామే కదా సరళా? సాయంత్రంలోగా కారణం చెప్పు. లేకపోతే రేపట్నుంచి రావద్దు" అన్నారు డాక్టర్ భార్గవి.

రక్తం పరీక్షించే మిషన్‌కు దాని సొంత ప్రోగ్రాం ఉంది. దాని అంకెలతో రిపోర్టు తీసే ప్రోగ్రాం నేను రాసింది. నాది ముందు దాన్ని అడగాలి, సిద్ధంగా ఉన్నావా అని. ఉన్నానంటేనే అంకెలు తీసుకోవాలి. లేదంటే తెర మీద "ఆగండి" అని చూపాలి. అడక్కుండా చెయ్యి పెడితే పాత మనిషి అంకెలే చేతికొస్తాయి. ఈపాటి మర్యాద కంప్యూటర్‌కు నేర్పడానికి నాకు రెండు వారాలు పట్టింది. మా ఇంట్లో ఏడేళ్లయినా కుదరలేదు. నేను స్నానానికి వెళ్తేనే అత్త జమ్లికి చాయ్ గుర్తొస్తుంది. "జల్దీ రా కోడలా, నా కొడుకు ఆకలికి ఆగలేడు." చేతినిండా పిండి ఉన్నా, ఒళ్లు కాలిపోతున్నా, వీలవుతుందా అని అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

ప్రోగ్రాం తెరిచి, ఫ్లాపీలో దాచుకున్న నకలుతో పోల్చాను. ఆ అడిగే మూడు లైన్లు లేవు. మార్చింది సోమవారం. ఆరోజు అత్తకు జ్వరమని నాచేత సెలవు పెట్టించినవాడు ఇక్కడి ల్యాబ్ టెక్నీషియన్ తిరుపతి, నా మొగుడు. "మొగుని కాడ దాపరికమేంది?" అని పాస్‌వర్డ్ ఎప్పుడో రాబట్టాడు.

పిలిచి, డాక్టరమ్మ ముందే తెర చూపించాను.

"ఏంది, నా మీదికొస్తున్నవ్? ఇంటికాడ మాట్లాడుదాం పా."

"ఈడనే చెప్పు. పూలి పక్క గదిలనే ఉంది."

ఆయన పక్క గది వైపు చూశాడు.

"అవ్, నేనే తీసేసిన. పేషంట్లు లైన్ల నిలబడ్డరు. బటన్ నొక్కితె ఆగండి, మల్ల నొక్కితె ఆగండి. కాంపౌండర్ బిచ్యా నవ్విండు, పెండ్లాం ఆగమంటుందిరా అని. నాకు తల కొట్టేసినట్టయింది. ఇంట్ల నువ్వెన్నడన్న నన్ను ఆగమన్నవా?"