ఇనప బీరువా ముందు

పొద్దున్న తొమ్మిదిన్నరకి, నలభైమంది చూస్తుండగా, మేనేజరు హరిబాబు శివాజీ మెడలోని కార్డు తీయించాడు. శివాజీ ఆరేళ్లు జావా అనే కంప్యూటర్ భాషలో పనిచేసినవాడు. నరసన్నపేట హైవే పక్క మేడ మీద కూర్చుని, ఎక్కడో అమెరికాలో ఓ ఆస్పత్రికి ప్రోగ్రాం రాసి, అది మొరాయించినప్పుడల్లా బాగుచేసినవాడు.

"జావా కాలం అయిపోయింది బాబూ. మార్కెట్ మెషీన్ లెర్నింగ్ అడుగుతోంది," అన్నాడు హరిబాబు, పాచిపోయిన కూర పారబోయమన్నంత తేలిగ్గా.

ముందో కాగితం పెట్టాడు. 'కొత్త టెక్నాలజీ నేర్చుకునే సామర్థ్యం లేనందున నా ఇష్టంతోనే మానుకుంటున్నాను' అని అందులో టైపు చేసి ఉంది. సంతకం పెడితేనే సర్టిఫికెట్లు చేతికొస్తాయి. పదో తరగతి నుంచి బీటెక్ దాకా అందరి ఒరిజినల్సూ చేరిన రోజే లాక్కుని ఇనప బీరువాలో పెట్టింది కంపెనీ. అవి లేకుండా ఇంకో ఆఫీసు గుమ్మం ఎక్కలేరు. పోనీ సంతకం పెట్టి వెళ్తే, ఆ ఇంకో ఆఫీసువాడు ఫోన్ చేసినప్పుడు ఆ వాక్యమే చదివి వినిపిస్తారు. ఎటు తిరిగినా మనిషి చచ్చినట్టే.

శివాజీ సంతకం పెట్టేశాడు. ఒక్కరూ కుర్చీలోంచి లేవలేదు. పక్క సీటులో ఉన్న తులసీ లేవలేదు. ఆ పూట గుర్తొస్తే ఆమెకి ఇప్పటికీ తన మీద తనకే రోత.

ఎందుకు లేవలేదంటారా? వారం కిందటే హరిబాబు ఆమెని గదిలోకి పిలిచి, "కొత్త టీములో నీ పేరుంది, ఎవరితోనూ అనకు," అన్నాడు. చేసే పనంతా వివరంగా రాసిమ్మన్నాడు. రాసిచ్చింది. కళింగపట్నం పిల్ల, వల ఒడ్డుకి రాకముందు చేప పడిందనకూడదు, దిష్టి తగులుతుందని ఉగ్గుపాలతో విన్న పిల్ల. కన్నతల్లికి కూడా చెప్పలేదు.

ఆ ఆఫీసు గోడ మీద రెండేళ్లకో కొత్త టెక్నాలజీ పేరుతో అట్ట. ఒకప్పుడు జావా బంగారమన్నారు. తర్వాత హడూప్ రాకపోతే బతుకే లేదన్నారు. ఆ తర్వాత యాంగులర్. ఈ 2018లో మెషీన్ లెర్నింగ్. అందులో వాడే, పుట్టి మూడేళ్లయిన పనిముట్టు మీద ఐదేళ్ల అనుభవం కావాలని ప్రకటన వేయించాడు హరిబాబు, సిగ్గూ ఎగ్గూ లేకుండా. అట్టలు మారాయిగానీ కింద జరిగే పని మారలేదు. అదే ఆస్పత్రి, అదే ప్రోగ్రాం. మారేదల్లా మనుషులే.

రోజుకిద్దరు చొప్పున వెళ్లిపోయారు. ఆదివారం తులసి ఇంటికెళ్లేసరికి కళింగపట్నం ఒడ్డున పెద్దవల లాగుతున్నారు. తాడు మీద ముప్పైమంది. వాళ్లలో శివాజీ, అరచేతులు బొబ్బలెక్కి. ఇద్దరిదీ ఒకే పేట.

"ఏటి బావా, ఇలగయ్యావు?" అంది తులసి.

"ఏటి సెప్పమంటావు. కొత్త టీములో ఏస్తానన్నాడు నన్ను. ఎవులికీ సెప్పొద్దన్నాడు. దిష్టి తగులుతాదని నానూ సెప్పనేదు. తెలిసిందంతా రాయించుకున్నాడు, ఆనక మెడ పట్టి గెంటీసాడు."

ఆ మాటలు అక్షరం పొల్లుపోకుండా హరిబాబు తులసికి చెప్పినవే.

"నాకూ అదే సెప్పాడు," అంది.

చేపలు ఎండబెడుతున్న తల్లి గురమ్మ తలెత్తింది. "ఒసే, వల్లో సేపకి దిష్టంటే సరే. గెంటీసినోడి మాటకి కూడా దిష్టేటే? ఈ తాడు సూడు. వల ఒడ్డుకొచ్చీదాకా ఒక్కడు సెయ్యి ఒదల్డు. ఒదిలినోడికి సేపల్లో పాలు నేదు. మీరు నలభైమందుండి ఒకలి మొకం ఒకలు సూసుకోనేదు."

సోమవారం పని మొదలవకముందే మేడ ఎదుటి టీకొట్టు దగ్గర మిగిలినవాళ్లని పోగేసింది తులసి. శివాజీ, అతని తర్వాత వెళ్లగొట్టినవాళ్లూ వచ్చారు. దిష్టి తగిలితే తగిలిందని పైకే అనేసింది. "కొత్త టీములో నా పేరుందన్నాడు. ఇంకెవులికి సెప్పాడు?"

టీలు చల్లారుతున్నాయి.

"నాకు సెప్పింది నిజవేనే," అన్నాడు దేవేంద్ర, నరసన్నపేట రైతు కొడుకు. "నా సెయ్యట్టుకుని మరీ సెప్పాడు. మీ గొడవలోకి నన్ను లాగకండి."

"నా సెయ్యీ పట్టుకున్నాడు," అంది వెనకనుంచి కుమారి. "థూ. ఆ సెయ్యి కడుక్కోవాలనుంది."

"నాకూ సెప్పాడు," అన్నారొకరు. మరొకరు. లెక్కతేలేసరికి ఆ లేని టీములో అందరూ ఉన్నారు. "మా నాన్న ఊరంతా సెప్పుకుంటానంటే నానే నోరు మూయించినాను," అని దేవేంద్ర గ్లాసు పెట్టేసి, అందరికంటే ముందు మెట్లెక్కాడు.

ఎవరూ కంప్యూటర్ ముట్టలేదు. వెళ్లి ఇనప బీరువా ముందు నేల మీద కూర్చున్నారు. అడిగింది రెండే. సంతకాలు పెట్టించుకున్న ఆ పాడు కాగితాలు చింపెయ్యాలి. సర్టిఫికెట్లు అందరివీ ఇచ్చెయ్యాలి.

హరిబాబు బెదిరించాడు, బతిమాలాడు. ఆఖరికి బీరువా తెరిచి తులసి కవరొక్కటి తీశాడు. బుధవారం ఆమెకి విశాఖపట్నంలో, ఎందుకైనా మంచిదని ఒప్పుకున్న ఇంటర్వ్యూ ఉందని ఎలా పసిగట్టాడో.

"సంతకం అక్కర్లేదమ్మా. నీవి నువ్వు తీసుకెళ్లు. నీ బతుకు నువ్వు చూసుకో."

కవరు మీద తన పేరు. లోపల పదహారేళ్ల చదువు, తల్లి నెత్తిన గంప మోసి చదివించిన చదువు. తులసి చెయ్యి లేవబోయింది కూడా. అబద్ధమెందుకు, లేవబోయింది. పక్కన శివాజీ అరచేతులు కనబడ్డాయి.

"అందరివీ దింపు. అప్పుడు తీసుకుంటాను."

హరిబాబు కవరు లోపల పడేసి తాళం వేశాడు. పోలీసులకి ఫోన్ చేశాడు.

పదకొండింటికి జీపొచ్చింది. తులసినీ శివాజీనీ రెక్క పట్టి లేపారు. మిగతావాళ్లు చేతులు పెనవేసుకుని బీరువాకి ఇంకా దగ్గరగా జరిగారు. లాగినా కదల్లేదు. వాళ్లకోసం ఇంకో బండి పిలిపించాల్సొచ్చింది.

కిందికి దిగాక తులసి చూసింది, ఆ పాపిష్టి మేడ అసలు రంగు. గేటు దగ్గర కొత్త పిల్లలు వరసకట్టి ఉన్నారు. పాతిక ముప్పైమంది, ఇస్త్రీ బట్టలు, చేతుల్లో ఫైళ్లు. మెషీన్ లెర్నింగ్ ఉద్యోగాలట. మేనేజరు మనిషి బల్ల వేసుకుని ఒక్కొక్కరి ఒరిజినల్స్ తీసి పెట్టెలో వేస్తున్నాడు. తాము రాసిచ్చిన కాగితాలు చదువుకుని పని నేర్చుకునేది వీళ్లే. రెండేళ్లకి గెంటించుకునేదీ వీళ్లే.

జీపెక్కిస్తుంటే కమ్మీ పట్టుకుని ఆగింది.

"ఒలే అమ్మీ, ఒరిజినల్స్ ఇవ్వకండి. మావి పైన బీరువాలో ఉండిపోయాయి. అందుకే ఇలగ పోతన్నాం. మీలో ఎవులికైనా ఆ మేనేజరు రహస్యంగా మంచి మాట సెప్పాడంటే, ముందు పక్కోల్లకి సెప్పండి."

కానిస్టేబుల్ ఆమెని లోపలికి తోశాడు. జీపు కదిలింది.

వరసలో మొదటున్న పిల్ల అప్పటికే ఫైలు బల్ల మీద పెట్టేసింది. జీపు వైపు చూసింది, పెట్టె వైపు చూసింది. ఫైలు వెనక్కి లాక్కుని చంకలో పెట్టుకుంది. తర్వాత వెనకనున్న పిల్ల వైపు తిరిగి, "నిన్న మేనేజరు నాకు ఫోన్ సేసి, ఎవులికీ సెప్పొద్దని ఒక మాట సెప్పాడు," అంది. "నీకూ సెప్పాడేటి?"