ఏడో అతుకు

అక్క కూలిపోయినప్పుడు ఆమె చేతిలో సోల్డరింగ్ ఐరన్ ఇంకా కాలుతూనే ఉంది. ఆరో నెల కడుపుతో, పొద్దున్నుంచి సీసం పొగ పీలుస్తూ ఏడో సీట్లో కూర్చున్న మనిషి. పక్కన ఆరో సీట్లో ఉన్నది ఆమె తోటికోడలు. షెడ్డులో అందరూ ఆమెను చిన్నది అంటారు. చిన్నది ఐరన్ లాగేసి, అక్క తల ఒళ్ళో పెట్టుకుంది. నేల మీద రక్తం కనిపించింది.

"గేటు తీయించండి సార్. ఆస్పత్రికి తీసుకెళ్ళాలి."

సూపర్వైజరు వాచీ చూసుకున్నాడు. "లోడు పూర్తయ్యేదాకా తీయొద్దని మేనేజరు గారి ఆర్డరు. మొహాన నీళ్ళు చల్లు, లేస్తుంది."

చూశారా, ఎంత తేలిగ్గా అనేశాడో! బల్ల దగ్గర మిగిలిన పదముగ్గురూ పని ఆపేశారు. ఎవరూ నినాదం ఇవ్వలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు, అంతే. సూపర్వైజరు బయటికెళ్ళి తలుపుకి తాళం వేయించాడు. కరెంటు కూడా తీయించాడు. ఉక్కపోస్తే అవే దారికొస్తాయని అతని లెక్క.

ఫోన్లు పొద్దున్నే గేటు దగ్గర లాక్కున్నారు. కిటికీలు మనిషికి రెండింతల ఎత్తున ఉన్నాయి. గొంతు చించుకుని అరిచినా పక్క షెడ్డులో రేకులు నొక్కే ప్రెస్సు మిషన్ల మోత మింగేస్తోంది. ఇంతకీ అక్కడ తయారయ్యేవి ఏమిటనుకున్నారు? సభల్లో పట్టుకుని మాట్లాడే, గొంతు పెద్దది చేసే బ్యాటరీ చేతిమైకులు. వేలకు వేలు చేసిన వాళ్ళలో ఒక్కరూ అందులో ఒక్క మాట మాట్లాడి ఎరగరు. పూర్తయినవన్నీ తాళం అవతల గోడౌన్లో ఉన్నాయి. బల్ల మీదివి సగం సగం.

అందులో ఒకటి తీసుకుని వైర్లు మెలేసి, బ్యాటరీలు వేసి చూశారు. మీట నొక్కితే గురగురమని ఆగిపోయింది. అతుకు పెడితే గాని లాభం లేదు. ఐరన్లేమో చల్లబడిపోయాయి.

అందరిలోకీ పెద్దది కళాయమ్మ. తండ్రి గిన్నెలకు కళాయి పోసేవాడు కాబట్టి ఆ పేరు పడింది. "మా నాన్నకి కరెంటెక్కడిదే? రాగి కడ్డీ కుంపట్లో కాల్చి మాట్లు వేసేవాడు. ఐరన్ మొన ఊడబీకండి, అదీ రాగిదేగా" అంది.

టీ కాచే కిరోసిన్ స్టవ్ వెలిగించారు. చిన్నది కంగారులో మొనను పటకారుతో పట్టుకుని నేరుగా మంటలో పెట్టింది. మొనంతా మసి. సీసం అంటకుండా పూసలా జారిపోయింది. రెండోసారీ అంతే.

"అక్క నా చేతుల్లోనే పోతుంది పెద్దమ్మా" అని చిన్నది ఏడ్చింది.

"ఏడిస్తే సీసం కరగదు. మొన కాదు, నడుం కాల్చు. తడిగుడ్డతో తుడువు. అతుకు పేస్టులో ముంచి, ముందు దానికే కాస్త సీసం పట్టించు. అప్పుడు వైరు దగ్గరికి తే. చల్లారేలోపు పడేది ఒక్క అతుకే."

వాళ్ళకి తెలిసిందీ ఒక్కొక్కటే. మొత్తం పని ఎవరికీ రాకూడదని ఏళ్ళ తరబడి ఒక్కొక్కరికి ఒక్క అతుకే నేర్పారు. అందుకే సీట్ల వరసలోనే స్టవ్ చుట్టూ నిలబడ్డారు. మొన కాల్చడం, ఒకరు అతకడం, మైకు పక్కవాళ్ళకి ఇవ్వడం. ఆరోది చిన్నది వేసింది. ఏడో దగ్గర అందరూ ఆగిపోయారు. అక్కడ ఏ వైరు ఎక్కడికో ఎవరికీ తెలియదు.

అట్టల మీద పడుకున్న అక్క కళ్ళు తెరిచింది. "నీలం వైరు... స్విచ్చి కింది పిన్నుకి. ఎర్రదాన్ని ముందు పక్కకి తొయ్యి, తగలకుండా." అంత చెప్పడానికి మూడుసార్లు ఊపిరి తీసుకుంది. ఆ అతుకూ చిన్నదే వేసింది.

పద్నాలుగోది చల్లారాక చిన్నది బల్ల మీద స్టూలు వేసుకుని ఎక్కి, కిటికీలో మైకు పెట్టింది. ఏమనాలో తోచలేదు. "అన్నా, మా అక్కకి రక్తం పోతోంది. తాళం వేసి పోయారు." అంత పెద్ద గొంతు తనదేనంటే ఆమెకే నమ్మకం కుదరలేదు.

పక్క షెడ్ల వాళ్ళు పని వదిలి బయల్దేరారు. మేనేజరు వాళ్ళకంటే ముందే పరుగున వచ్చి, తలుపు సందులోంచి మెల్లగా అన్నాడు. "ఆ మైకు ఇటిచ్చెయ్యమ్మా. మీ అక్కను నా కార్లో పంపిస్తా. మిగతావాళ్ళు పనిలో కూర్చోండి. మూడో కంటికి తెలియక్కర్లేదు."

చిన్నది కిందికి దిగి చెయ్యి సగం చాచింది. అబద్ధమెందుకు, ఇచ్చేద్దామనే అనుకుంది. అక్క ప్రాణం కన్నా ఏమెక్కువ?

"ఇచ్చాక తలుపు తీయకపోతే?" అంది వెనక నుంచి అక్క.

చిన్నది మళ్ళీ స్టూలెక్కి మీట నొక్కింది. "అన్నలారా, మేనేజరు గారు ఏమంటున్నారో వినండి." ఆయన అన్నదంతా పొల్లుపోకుండా అప్పజెప్పింది. ప్రెస్సు షెడ్డు వాళ్ళు వచ్చేశారు, ఇనుప కడ్డీ తెచ్చారు. రెండు దెబ్బలకు తాళం ఊడింది.

అక్కను సామాను బండి మీద తోసుకుంటూ ఆస్పత్రికి పరుగెత్తారు. ఆ వెనకే మేనేజరు పిలిపించిన పోలీసు వ్యాన్ వచ్చింది. కంపెనీ సొత్తు దొంగిలించిందని చిన్నదాన్ని ఎక్కించి, మైకు లాక్కుని, తలుపు బిగించారు. అక్కతో వెళ్ళనివ్వమని కాళ్ళావేళ్ళా పడ్డా వినలేదు. కళాయమ్మ వెళ్ళి వ్యాన్ ముందు కూర్చుంది. షెడ్డు ఆడవాళ్ళు, ప్రెస్సు షెడ్డు వాళ్ళు ఆమె చుట్టూ కూర్చున్నారు.

మధ్యాహ్నం దాటాక, బండి తోసుకెళ్ళిన ప్రెస్సు షెడ్డు మనిషి తిరిగొచ్చి వ్యాన్ కిటికీ ఇనుప జాలీ దగ్గర నిలబడ్డాడు.

"మీ అక్క ప్రాణం దక్కిందమ్మా." తల వంచుకున్నాడు. "బిడ్డ దక్కలేదు."

చిన్నది జాలీ పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడుపు ఆగాక, "అందరికీ చెప్పన్నా" అంది.

అతను ముందు వరసకి చెప్పాడు. వాళ్ళు వెనక్కి తిరిగి చెప్పారు. ఇన్‌స్పెక్టరు హారన్ కొట్టించాడు, లాఠీలు తీయించాడు. ఎవరూ లేవలేదు.