కోదండపాణి గారు కోలుకున్నారు

నేను ఒక టానిక్ ప్రకటనను. వారపత్రికలో అరపేజీ నాది. ఆకలి, జ్ఞాపకశక్తి, జుట్టు, ధైర్యం, ఒక్క సీసాతో నాలుగూ పెరుగుతాయని నా మొదటి వాక్యం. అది రాసినాయనది బట్టతల. ఇప్పుడు మీరు నవ్వుతారు గానీ, అప్పట్లో జనం నమ్మి కొన్నారు.

నా అడుగున ఒక ఫొటో, ఒక ఉత్తరం. "నెల రోజులు వీరభీమ టానిక్ వాడాను. ఛాతీ నొప్పి మాయమైంది. మేడమెట్లు పరుగున ఎక్కుతున్నాను. ఇట్లు, ముత్తేవి కోదండపాణి, పార్సిల్ గుమస్తా, సామర్లకోట." వాళ్లింటికి మేడే లేదు.

అచ్చులో తన పేరు చూసుకుని ఆయన పొంగిపోయి, నన్ను కత్తిరించి, ఫ్రేము కట్టించి, రాతబల్ల పైన గోడకు తగిలించారు. "నెల రోజులు సెలవు పెట్టి పడుకున్నారు, అందుకే తగ్గింది" అంది ఆయన భార్య వర్ధనమ్మ. ఆరు నెలలు తిరక్కుండానే ఆ నొప్పే మళ్లీ వచ్చి ఆయన పోయారు.

పత్రికలో మాత్రం ఆయన వారం వారం మేడమెట్లు ఎక్కుతూనే ఉన్నారు. ఊరూ పేరూ అచ్చయ్యాయి కదా, ఉత్తరాలు రాసాగాయి. "అయ్యా, మీకు నిజంగా తగ్గిందా?" అని.

ప్రకటన ఆపమని వర్ధనమ్మ కంపెనీకి రాసింది. సానుభూతి తెలుపుతూ జవాబు, దాంతోపాటు ఒక సీసా వచ్చాయి. దుఃఖంలో నీరసం రాకుండా పూటకు రెండు చెంచాలట.

ఆయన పేరున వచ్చే ఉత్తరాలకు మాత్రం ఆవిడ జవాబు రాయలేదు. "అయ్యగారికి ఇవాళ మూడమ్మా" అని పోస్టుమాన్ కేకేస్తే ఆవిడ మొహం తేటపడేది. భర్త పేరున్న చోట వేలు పెట్టుకుని కాసేపు కూర్చుని, సొరుగులో దాచేది. ఎక్కడో కొందరికైనా ఆయన బతికే ఉన్నారు. నా అబద్ధం ఆవిడకు అలా పనికొచ్చింది.

రెండేళ్లకు పార్వతీపురం నుంచి ఒక కార్డు వచ్చింది. "అన్నయ్యగారూ, మావారికీ ఛాతీ నొప్పే. మీ ఫొటో చూసి డాక్టరు మందులు మానేసి టానిక్కే తాగుతున్నారు. నాకు భయంగా ఉంది. మీరు బాగున్నారని ఒక్క ముక్క రాయండి. సన్యాసమ్మ."

వర్ధనమ్మ తలెత్తి నాకేసి చూసింది. ప్రకటనలకు సిగ్గుండదు. అయినా ఆ చూపుకు గోడవైపు తిరిగిపోవాలనిపించింది నాకు.

"అమ్మా సన్యాసమ్మా, మావారు ఆ నొప్పితోనే..." అని రాసి, కలం ఆపింది. చాలాసేపటికి "పోయారు" అని రాసింది. "వెంటనే మీ ఆయన్ని ఆస్పత్రికి తీసుకెళ్లు" అని ముగించి, తనే వెళ్లి పోస్టులో వేసి వచ్చింది. వచ్చి సొరుగు మొత్తం బల్ల మీద బోర్లించింది. ఒక్కొక్కరికీ అదే మాట రాసుకుంటూ నాలుగు రోజులు కూర్చుంది.

పది రోజులకు పోస్టుమాన్ "అమ్మా, ఇవాళ మీ పేరునే రెండు" అన్నాడు.

మొదటిది సన్యాసమ్మది. "ఆస్పత్రిలో చేర్చాం. మీ మీద మండిపడుతున్నారు గానీ మందులు వేసుకుంటున్నారు."

రెండోది అనకాపల్లి నుంచి. "మా నాన్న నిరుడే పోయారండీ. మీ జవాబు కోసం చాలా రోజులు చూశాం."

వర్ధనమ్మ ఆ రెండో కార్డును నా ఫ్రేములోకి దోపింది. కోదండపాణి గారి ఫొటో దాని వెనక్కి వెళ్లిపోయింది. ఆవిడ ఉన్నన్నాళ్లూ దాన్ని తియ్యలేదు.